పాలకూర కట్టా, ఎల్లాప్రగడ సుబ్బారావు గారూ



జనవరి 12న మన పిల్లలు అసెంబ్లీలో వివేకానందుడి గురించి మాట్లాడతారు. జాతీయ యువజన దినోత్సవం కాబట్టి ప్రతి ఏడూ జరిగేదే. అదే తేదీన, 1895లో, భీమవరంలో ఇంకొకాయన పుట్టారు. పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మీరు వినే ఉంటారు, ఏం చేశారో మాత్రం చాలామందికి గుర్తుండదు. ఈసారి సంక్రాంతి సెలవుల్లో ఆయన కథను పిల్లలకు మీరే చెప్పండి. చెప్పేటప్పుడు చేతిలో ఒక పాలకూర కట్ట ఉంటే ఇంకా బాగుంటుంది. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది. కందుకూరులో పాలకూర కోసం దూరం వెళ్ళే పని లేదు. అంగట్లో దొరుకుతుంది, మీలో కొందరికి చేనులోనే ఉంటుంది.

ముందే ఒక మాట. ఇది మార్కుల కోసం ఇచ్చే ప్రాజెక్ట్ కాదు. చార్టు కొనక్కర్లేదు, థర్మాకోల్ కొయ్యక్కర్లేదు, రాత్రి పదకొండింటికి మీరు కూర్చుని గమ్ము అంటించే అవసరం అసలే లేదు.

మెట్రిక్ మూడోసారికి

సుబ్బారావు గారి తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయన ఆరోగ్యం చెడిపోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. ఇంటి నిండా పిల్లలు. సుబ్బారావుకు చదువు మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి పారిపోయి, అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని బయలుదేరారట. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. చదివి తీరాలని పట్టుబట్టింది తల్లి వెంకమ్మ గారు. అయినా మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడో ప్రయత్నంలో, మద్రాసులో, గట్టెక్కారు.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. అక్కడ ఉండగా రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. పుట్టినరోజు ఒకటే కావడం యాదృచ్ఛికం కానీ, వివేకానందుడి దారి మీద ఆయనకు నిజంగానే మనసుండేది. తల్లి ఒప్పుకోలేదు. మఠంవారు కూడా వైద్యం చదివి రోగులకు సేవ చెయ్యమన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చు భరించింది పిల్లనిచ్చిన మామగారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు.

అవి గాంధీగారి పిలుపు ఊళ్ళన్నీ తిరుగుతున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరకు చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్. ఆ కాగితంతో ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకుంటూ గడిపారు.

ఈలోపు ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు ఉంది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి రక్తం లేక పాలిపోయి ఎండిపోతాడు. ఆ జబ్బుతో సుబ్బారావు గారి సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తర్వాత ఆయనకే వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడ్డారు. డాక్టరు చదువు చదివిన మనిషి, తన ఇంట్లో ఇద్దరు ఎందుకు పోయారో చెప్పలేని స్థితి. అప్పటికి ఆ కారణం ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నీలం రంగు చెప్పిన లెక్క

1920ల మొదట్లో ఆయన అమెరికా బయలుదేరారు. మామగారూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారూ డబ్బు సాయం చేశారు. మూడేళ్ళలో వస్తానని భార్య శేషగిరి గారికి మాటిచ్చి వెళ్ళారు. బోస్టన్‌లో, హార్వర్డ్‌లో, ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. భారతదేశపు సర్టిఫికెట్‌తో అక్కడ డాక్టరుగా పనిచెయ్యనివ్వరు. అందుకని ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరి, రోగుల మలమూత్రాల పళ్ళేలు కడిగి ఫీజు కట్టుకున్నారు. విమానాశ్రయంలో నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే పిల్లల్ని బస్సు ఎక్కించే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. ఆ అలసట ఎలాంటిదో వారికి వేరే చెప్పనక్కర్లేదు.

డిప్లొమా తర్వాత సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. వాళ్ళకు కావలసింది రక్తంలోనూ కండరంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతి. ఫాస్ఫరస్ కంటికి కనపడదు. దానితో కలిసి రంగు తేలే రసాయనాలు వేస్తే ద్రవం నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. ఎంత ఉందో ముందే తెలిసిన ద్రవం పక్కన పెట్టి, రెండు రంగుల్నీ పోల్చితే లెక్క తెలిసిపోతుంది. 1925లో ఇద్దరూ ఈ పద్ధతిని ప్రచురించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ చదువుతారు.

ఇక్కడ పాలకూర బయటికి తియ్యండి.

పది, పన్నెండు ఆకులు కడిగి, గ్లాసుడు నీళ్ళు పోసి మిక్సీలో తిప్పి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ఒకే సైజు గాజు గ్లాసులు ఆరు తీసుకోండి. మొదటి దాంట్లో ఆకుపచ్చ నీళ్ళు 1 చెంచా, తర్వాతి వాటిలో వరసగా 2, 4, 6, 8, 10 చెంచాలు వేసి, ప్రతి గ్లాసులో మొత్తం 20 చెంచాలు అయ్యేలా మంచినీళ్ళు కలపండి. గ్లాసుల మీద అంకె రాసిన చీటీలు అంటించండి. ఇప్పుడు పిల్లల్ని అవతల గదిలోకి పంపి, ఏడో గ్లాసులో మీకు తోచినన్ని చెంచాలు వేసి, అదీ 20కి నింపండి. పిల్లలు వచ్చి, గ్లాసుల్ని తెల్ల కాగితం మీద పెట్టి, పైనుంచి చూస్తూ అది ఏ రెండింటి మధ్య పడుతుందో చెప్పాలి. 4కీ 6కీ మధ్య అంటే 5 అన్నమాట. పాలకూర పచ్చదనం నీళ్ళలో పూర్తిగా కరగదు, సన్నటి నలుసులుగా తేలి కాసేపటికి అడుక్కి దిగుతుంది. కాబట్టి చూసే ముందు ప్రతిసారీ ఒకసారి చెంచాతో కలపాలి. నాలుగో తరగతి పిల్లలు కూడా రెండు మూడు ఆటల్లో దగ్గరి అంకె చెప్పేస్తారు. పెద్దవాళ్ళం మనమే తడబడతాం.

చెప్పిన అంకె తప్పయితే దిద్దకండి. పుస్తకంలో అలాగే రాసుకోనివ్వండి. ఎందుకంటారా, సుబ్బారావు గారి జీవితంలో అసలు మలుపు అక్కడే ఉంది.

ఆయనా ఫిస్కే కలిసి ఆ కొత్త పద్ధతితో కండరంలో ఫాస్ఫరస్ కొలుస్తున్నారు. మిగతా ద్రవాల్లో నీలం రావలసిన వేళకు వచ్చేది. కండరం రసంలో మాత్రం ఆలస్యంగా, మెల్లమెల్లగా ముదిరేది. చెయ్యి తప్పిందనో, రసాయనం పాతదనో అనుకుని ఆ కొలతను పారెయ్యడం చాలా తేలిక. మన ల్యాబుల్లో జరిగేది అదే: పక్కవాడి రీడింగు చూసి మనది సరిచేసుకోవడం. వాళ్ళు అలా చెయ్యలేదు. రంగు ఎందుకు ఆలస్యమవుతోందని అడిగారు. ఫాస్ఫరస్ ముందు ఇంకో పదార్థంతో కట్టుబడి ఉంది, ఆ ముడి మెల్లగా విడిపోతోంది, అందుకే రంగు మెల్లగా వస్తోంది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రపంచానికి చెప్పారు. పిల్లవాడు బడి గంట కొట్టగానే గేటు దాకా ఒక్క పరుగు తీస్తాడు చూడండి, ఆ మొదటి క్షణాల్లో కండరానికి ఆసరా అదే.

రెండేళ్ళకు, 1929లో, అదే దారిలో ఏటీపీ దొరికింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనిపెట్టారు. మన ఒంట్లో ప్రతి కణం పని చెయ్యడానికి వాడుకునే శక్తి ఈ ఏటీపీ ద్వారానే అందుతుంది. పదో తరగతి జీవశాస్త్రం పాఠంలో ఆ మూడక్షరాలు వస్తాయి. ఆ పక్కనే భీమవరం పేరు ఉండదు, మీరే చెప్పుకోవాలి.

ఆకు ముక్కలు పైకి లేచాయి

ఏటీపీ మనలోనే కాదు, పాలకూరలోనూ ఉంది. ఎండ పడితే ఆకు ఏటీపీ తయారుచేసుకుని, దానితో పిండిపదార్థం చేసుకుంటుంది, ఆక్సిజన్ బయటకు వదులుతుంది. ఏటీపీని ఇంట్లో చూడలేం. ఆక్సిజన్ పనిని చూడొచ్చు.

కావలసినవి: తాజా పాలకూర ఆకులు, కాగితాలకు రంధ్రాలు చేసే పంచ్, మందుల షాపులో దొరికే 10 లేదా 20 మిల్లీలీటర్ల సిరంజి. సూది వద్దు, షాపులోనే తీసేయించండి. వంటసోడా, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్.

పెద్ద గ్లాసుడు నీళ్ళలో చిటికెడు వంటసోడా కరిగించి, లిక్విడ్ ఒక్క చుక్క వెయ్యండి. నురగ రాకుండా మెల్లగా కలపాలి. ఆకు మీద లావు ఈనెలు లేనిచోట పంచ్‌తో పది గుండ్రటి ముక్కలు తియ్యండి. సిరంజి వెనక పిస్టన్ లాగేసి ముక్కలు లోపల వేసి, పిస్టన్ మళ్ళీ పెట్టి, కొంచెం సోడా నీళ్ళు పీల్చండి. గాలి బయటకు తోసేయండి. ఇప్పుడు ముందు రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి, పిస్టన్‌ను వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకుని వదలండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే ఆకులోని గాలి పోయి, ఆ ఖాళీల్లోకి నీళ్ళు చేరి ముక్కలు మునుగుతాయి. అన్నీ మునిగాక గ్లాసులో పోసి ఎండలో పెట్టండి.

ఇక కూర్చుని చూడటమే. ముక్కల్లో ఆక్సిజన్ బుడగలు చేరేకొద్దీ ఒక్కొక్కటి పైకి లేస్తుంది. ప్రతి నిమిషానికీ ఎన్ని తేలాయో పిల్లలు రాసుకోవాలి. మంచి ఎండయితే పది, ఇరవై నిమిషాల్లో చాలావరకు లేస్తాయి. ఇలాగే ఇంకో గ్లాసు సిద్ధం చేసి, దాని మీద స్టీలు గిన్నె బోర్లించి ఉంచితే ముక్కలు అడుగునే ఉంటాయి. తేలిన ముక్కల్ని చీకట్లో పెడితే కొంతసేపటికి మళ్ళీ దిగిపోతాయి, ఎందుకంటే ఆకు ఆ ఆక్సిజన్‌ను తనే వాడుకుంటుంది.

మేం మొదటిసారి చేసినప్పుడు అరగంటైనా ఒక్క ముక్కా కదల్లేదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు మగ్గిన ఆకులు అవి. పొద్దున కోసుకొచ్చిన ఆకులతో చేస్తే లేచాయి. ఆ సున్నాల వరస ఇంకా మా పుస్తకంలో ఉంది. పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది, ఎందుకు లేవలేదని రెండు రోజులు వాదించుకున్నారు.

నాలుగు టన్నుల పాలకూర

ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ కనిపెట్టి, 1930లో పీహెచ్‌డీ తీసుకున్న మనిషికి హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళిపోయారు. అప్పుడు ఆయన వయసు 45. లోకానికి ఎక్కువ ఉపయోగపడిన పని ఆ తర్వాతే జరిగింది.

కథ కొంచెం వెనక్కి, బొంబాయికి వెళ్ళాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ అక్కడికొచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు ఒకరకమైన తీవ్ర రక్తహీనత వచ్చేది. ఈస్ట్‌తో చేసిన ఒక చవక పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ఆవిడ రాశారు. అందులో ఏదో ఉంది, ఏమిటో తెలియదు. 1941లో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంవారు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని కొద్దిపాటి మోతాదులో రాబట్టారు. కట్ట పావుకిలో అనుకుంటే పదహారు వేల కట్టలు! లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

అన్నేసి టన్నుల ఆకుల నుంచి పిండి మందు చెయ్యడం అయ్యే పనా? దాన్ని ప్రయోగశాలలో తయారుచెయ్యాలి. లెడర్లీలో సుబ్బారావు గారి నాయకత్వంలోని జట్టు ఆ పనికి పూనుకుంది. 1945కల్లా ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. దాన్ని రోగులకు ఇచ్చి చూస్తే విల్స్ చూసిన రక్తహీనత తగ్గింది. స్ప్రూ జబ్బుతో ఉన్నవాళ్ళూ కోలుకున్నారు.

అవును, స్ప్రూ. ఆయన సోదరులిద్దరినీ తీసుకెళ్ళిన జబ్బు. పాతికేళ్ళ ముందు ఆ మాత్ర ఉండి ఉంటే అని ఆయన అనుకునే ఉంటారా? మనకు తెలియదు, మనసులో మాట బయటపెట్టే మనిషి కాదు.

ఈరోజు అంగన్‌వాడీలో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కడుపులో బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా తయారవడానికి అది అవసరం. అది మన ఒళ్ళు సొంతంగా చేసుకోలేనిది, తిండి నుంచే రావాలి. పాలకూర, తోటకూర, పప్పులు, శనగల్లో ఉంటుంది. మూడో ప్రయోగం ఇక్కడ, వంట చేసే వాళ్ళకు: కొంచెం పాలకూరను ఎక్కువ నీళ్ళలో పావుగంట ఉడికించి, ఆ నీళ్ళను గ్లాసులోకి వంచి పిల్లలకు చూపించండి. ఆకులోంచి ఎన్నో నీళ్ళలోకి దిగాయి. ఫోలిక్ యాసిడ్ కంటికి కనపడదు కానీ అదీ నీళ్ళలో కరిగే విటమినే, ఆ నీళ్ళతోపాటు పోతుంది. వంపి పారబొయ్యకుండా పప్పులో పోసేస్తే సరి.

అదే ల్యాబు నుంచి ఇంకో మూడు మందులు వచ్చాయి. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. హెట్రజాన్, అంటే బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర, 1947లో వచ్చింది. మూడోది చూడండి: ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి సాయపడుతుంది. మరి రక్త క్యాన్సర్‌లో కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి కదా, అక్కడ దాన్ని అడ్డుకుంటే? ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి దాని పనిని ఆపే అమినోప్టెరిన్‌ను లెడర్లీలో తయారుచేసి, బోస్టన్‌లోని డాక్టరు సిడ్నీ ఫార్బర్‌కు ఇచ్చారు. లుకేమియాతో చావు అంచున ఉన్న పిల్లలు కొన్నాళ్ళపాటైనా లేచి ఆడుకున్నారు. అంతకుముందు ఏ మందుతోనూ అలా జరగలేదు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రుల్లో పిల్లలకు ఇస్తున్నారు.

ఫార్బర్ ఫలితాలు ప్రచురించింది 1948లో. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. మూడేళ్ళలో వస్తానన్న మనిషి ఒక్కసారి కూడా ఇండియాకు తిరిగి రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఈ భాగాన్ని దాచకండి. పెద్ద తరగతుల పిల్లలు అడుగుతారు కూడా, ఆయన చేసింది న్యాయమేనా అని. మా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మీ ఇంట్లో ఏమనుకున్నారో చెప్పండి, వింటాం.

నోబెల్ రాలేదు. 1953లో ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతికి, 1995లో, మన తపాలా శాఖ ఒక స్టాంపు వేసింది.

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున పిల్లలు పుస్తకంలో రాసుకున్న అంకెల్ని సైన్స్ టీచరుకు చూపించాలి. ఫొటోలు, అట్టలు వద్దు. గ్లాసుల ఆటలో ఎన్ని తప్పు చెప్పారు, ఏ నిమిషానికి ఎన్ని ముక్కలు లేచాయి, లేవకపోతే ఎందుకనుకుంటున్నారు, ఇవి చాలు. కొట్టేసి తిరగరాసిన అంకె కింద పాత అంకె కనపడాలి. మిగిలిన పాలకూర పప్పులోకి వాడుకోండి. సబ్బు నీళ్ళలో మునిగిన ముక్కల్ని మాత్రం మొక్కల పాదులో వెయ్యండి, తినడానికి కాదు.